లక్ష్మివారం బిళ్ళ

కాశీబుగ్గ ఆసుపత్రి మందుల కిటికీలో
ఇనప కమ్మీల అవతల రెండు చేతులు.
వేళ్ళ కొసల్లో జీడి నూనె కాల్చిన నలుపు,
కణుపుల దగ్గర అల్లం కొమ్ముల్లా వాపు.
మొహం తర్వాత కనిపించింది:
కొర్ల దమయంతి, నలభై నాలుగు,
పప్పు వలిచే షెడ్డులో పందొమ్మిదేళ్ళు.

"పొద్దుట పిడికిలి మూసుకోదు బాబూ.
కుచ్చిళ్ళు మా కోడలు పెడతాది.
ఫేక్టరీ రెండో కూత దాకా
ఇయి నా సేతులు కావు."

చీటీ చదివాను.
మెథోట్రెక్సేట్. ఆరు బిళ్ళలు. వారానికి ఒక్కసారి.
ఎర్ర సిరాతో అట్ట మీద రాశాను: లక్ష్మివారం.
కింద రెండు గీతలు గీశాను.
"రోజూ మింగితే ఇదే విషం.
నొప్పెక్కువైందని శుక్రవారం చెయ్యి చాపొద్దు."

"లక్ష్మివారం నాను నీసు ముట్టను," అంది,
"బిళ్ళ ముట్టొచ్చా?"

ఎలా చెప్పను, వెనక వరసలో పదిమంది దగ్గుతుంటే?
కాపలాకి పెట్టుకున్న ఒంటి సైన్యమే
కీలు లోపలి మెత్తటి పొరని
దొంగ అనుకుంటోందని,
ఒకడు అరిస్తే వందమంది పుడుతున్నారని,
పుట్టడానికి వాళ్ళకి ఫోలిక్ యాసిడ్ కావాలని,
ఈ బిళ్ళ అచ్చం దాని పోలికే అని...

ఆమె అక్కడే అందుకుంది:
"అంటే పుచ్చు పిక్క.
పైకి బాగుంటాది, బుట్టలోకొస్తాది,
కొట్టి సూస్తే లోన పప్పుండదు.
ఆళ్ళ బుట్టలో పుచ్చు పిక్కలు పోస్తన్నావు."
పదేళ్ళుగా ఈ కిటికీలో ఉన్నాను,
ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను.

"మరి ఆదివారం ఈ పసుప్పచ్చ బిళ్ళ?"
"అది మంచి పిక్క.
నోరు పూయకుండా, నెత్తురు తగ్గకుండా
మిగతా ఒంటికి ఇచ్చే కూలి."
"ఈ సిన్నది?"
స్టెరాయిడ్. చేబదులు లాంటిది.
అసలు మందు పనిలోకి దిగడానికి ఆరు వారాలు,
అందాకా పూట గడవడానికి.
బాకీ పెంచుకుంటే ఎముకలోంచి వసూలు చేస్తుంది.

తర్వాత అడగాల్సింది అడిగాను.
"ఇన్నాళ్ళూ ఏం మింగావు?"
ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్ళలు,
పొద్దుటొకటి, రాత్రొకటి, రెండేళ్ళు.
"ఏ ఊరు?"
ఉద్దానంలో ఒక పల్లె పేరు చెప్పింది.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
ఆమె అన్న వారానికి రెండుసార్లు
ఇదే వరండా చివరి గదిలో
మిషన్‌కి నెత్తురు అప్పగించి పడుకుంటాడు.

మింగిన మందు ఒంట్లోంచి బయటికి పోయే దారి
మూత్రపిండాలే.
దారి పూడితే
కీలుని కాచిన బిళ్ళే నెత్తుట్లో నిలవుంటుంది.
అందుకే నెలనెలా సూది,
అందుకే క్రియాటినిన్ అనే ఒక అంకె కోసం
పదో తరగతి ఫలితాలకి చూసినట్టు చూడటం.

మూడో నెల. అంకె ఒకటీ పాయింట్ నాలుగు.
డాక్టరమ్మ ఆరు కొట్టేసి మూడు రాసింది,
పక్కన మన్యం జ్వరాల నాటి బిళ్ళ ఒకటి చేర్చింది,
ఏడాదికోసారి కళ్ళు చూపించుకోమంది.
"నొప్పి మళ్ళీ తిరగబెడితే?"
జవాబు నా కిటికీలో దొరికే సరుకు కాదు.

దమయంతి చెంగు ముడి విప్పింది,
తనే, పళ్ళతో కాదు, వేళ్ళతో.
ఒక జీడిపప్పు, గుండు, ఎక్కడా చిట్లలేదు,
కమ్మీల మధ్య నుంచి బల్ల మీద పెట్టింది.
"నిన్న నానే వలిసాను. గోటితోటి."

తెల్లగా, వంపు తిరిగి,
లోపలివైపు చిన్న నొక్కు.
ఆ ఆకారం దేనిదో ఇద్దరికీ తెలుసు.
నేను దాన్ని తినలేదు.
లక్ష్మివారం అట్ట ఆమె చేతికిచ్చి
"తర్వాతెవరు" అన్నాను.