ఆగస్టు ఒకటి తర్వాత

నా ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో
గ్రీజు మరకలతో మడిచిన కాగితం ఒకటుంది.
ఏడో సెక్షను, మూడో పేరా:
"ఈ బయలును ఏడాదికి ఒక్కసారే కోయాలి,
అదీ ఆగస్టు ఒకటి తర్వాత."
నేను చదివిన చట్టమంతా అంతే.
ఆ రెండు పంక్తులు
ఏటా నాకు రెండు రోజుల కూలి.

వెర్మాంట్ కొండల సందున మా టౌను.
మంచు కరిగితే బురద, బురద ఆరితే గడ్డి.
మొగుడు పోయాక లియొంటీన్ టిబో ఆవుల్ని అమ్మింది,
ఆ తర్వాత నేలని.
బేరానికొచ్చినవాడు నలభై ఇళ్ళు గీసుకొచ్చాడు,
పళ్ళెంలో కోసిన బర్ఫీలా.
ప్లానింగ్ బోర్డు ఆ పటాన్ని తిప్పి పంపింది:
ఇళ్ళన్నీ రోడ్డు వైపుకి జరుపు,
భుజానికి భుజం ఆనించి కట్టు,
వెనక ముప్పై ఒక్క ఎకరాలు ఎవరూ ముట్టరాదు.
నలభై కాస్తా ఇరవై రెండయ్యాయి.
నేల ధర కూడా అలాగే దిగింది.
ఆ సాయంత్రం టౌన్ హాలు మెట్ల మీద నిలబడి
లియొంటీన్ ఫ్రెంచిలో తిట్టిన తిట్లు
నాకు సగమే అర్థమయ్యాయి.
సగం చాలు.

ఇప్పుడా ఇళ్ళలో మనుషులున్నారు.
మంచివాళ్ళే, చలికాలం నా బండి కూరుకుపోతే
పారలు పట్టుకుని నలుగురొచ్చారు.
కానీ జూన్‌లో గడ్డి నడుం దాకా లేస్తుంది.
వాళ్ళ కిటికీల్లోంచి చూస్తే
వారం రోజులు దువ్వని తల.
పిడుదులంటారు, పాములంటారు,
ఇళ్ళ రేట్లు పడిపోతాయంటారు.
కిర్‌స్టెన్ హాలొరన్ అర్జీ పెట్టింది:
"వెనకున్న ఖాళీ స్థలాన్ని నెలకోసారి కోయించాలి."

నెలకోసారంటే నా కూలి అయిదింతలు.
అయినా "ఖాళీ" దగ్గర
నా చెవికి ముల్లు గుచ్చుకుంది.

అర్జెంటీనా నుంచి ఎగిరొచ్చే బాబొలింకు పిట్ట
గడ్డిని నమ్మి నేల మీదే కాపురం పెడుతుంది.
దోసిలంత గూడు, అయిదు గుడ్లు, గోధుమరంగు చుక్కలు.
చట్టం రాకముందు ఒక ఏడు
జూన్ పదిహేనున నేనే కోశాను.
బ్లేడు కింద ఏం పడ్డాయో
ఇంజను చప్పుడులో వినపడలేదు.
నా వెనకే కాకులు దిగాయి.
వాటిని చూసి తెలిసింది.

మార్చి. టౌను సమావేశం. బడి జిమ్ములో
బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు,
అందరి బూట్లకీ ఒకటే బురద.
ఒకాయన పటం వేలాడదీశాడు, అది రెండుసార్లు జారిపడింది.
ఒకావిడ పిట్టల లెక్క చదువుతుంటే
వెనక వరసలో కాఫీ పోసుకున్నారు.
నేను నోరు విప్పలేదు.

అప్పుడు లియొంటీన్ లేచింది,
ఎనభై రెండేళ్ళ మోకాళ్ళు, ముందు కుర్చీ ఆసరా.
పాత పగ తీర్చుకుంటుందని
కిర్‌స్టెన్ వాళ్ళు జరిగి చోటిచ్చారు.

"ఆ పేరా వల్ల నాకు తొంభై వేల డాలర్లు పోయాయి.
మా ఆయన శవపేటిక కూడా
దాంట్లో వందో వంతు లేదు.
అంత ఖరీదైన మాట నేనింకోటి కొనలేదు.
మీరు దాన్ని ఊరికే తుడిచేస్తారా?"

అని కూచుంది. కోటు గుండీలు పెట్టుకుంది.

చేతులెత్తారు. లెక్క కుదరక మళ్ళీ ఎత్తారు.
అరవై ఒకటి, యాభై ఎనిమిది.
వచ్చే మార్చికి ఆ మూడు చేతులు
ఎటు లేస్తాయో ఎవరికెరుక.

జూలై అంతా కిర్‌స్టెన్ కొడుకు
గడ్డిలో నడిచి నడిచి వాగు దాకా బాట వేశాడు,
మేక పట్టేంత వెడల్పు.
బాటల గురించి చట్టం ఏమంటుందోనని
కాగితం తిప్పి చూశాను.
వెనక గ్రీజు తప్ప ఏమీ లేదు.

ఒకటో తారీఖున వాన. రెండున దిగాను.
నడిమధ్యలో మొదలుపెట్టి అంచులకి కోస్తాను,
ఆలస్యంగా పుట్టిందేదైనా ఉంటే
పరిగెత్తడానికి దారుండాలని.
అదీ కాగితంలో లేదు.

రెండో రోజు పొద్దుగూకే వేళకి
బయలంతా ఒకటే ఎత్తు.
కుర్రాడు తన బాట మొదలున్న చోట నిలబడ్డాడు,
ఎటైనా నడవచ్చు ఇప్పుడు,
ఎటూ అడుగెయ్యకుండా చూస్తున్నాడు.