ఒంటి గింజ

రికార్డులో రాసుకున్నాం:
కేసరాలు పది.
తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడిగా.

ఉదయగిరి కాలేజీ ల్యాబులో
నలుగురికి ఒక బ్లేడు.
నేను తెచ్చిన మోదుగపూలే అందరికీ.
దుర్గం దారిలో, ఆకు ఒక్కటీ లేని చెట్టు కింద
పొద్దున్నే ఏరినవి.
ఎర్రటి చిలకముక్కుల్లో ఇంకా తేనె తడి.

అండాశయం నిలువుగా చీల్చమన్నారు
ఖాదర్‌బాషా సారు.
మఖమల్ నూగు కింద పచ్చటి గది,
అందులో నూకలంత అండాలు.
లెక్కపెట్టాను. రెండు.

మే నెల ఎండకి కాయలు రాలాయి,
పలచగా, అట్టముక్కల్లా,
కొసన మాత్రం ఉబ్బి.
ఎన్ని చించినా ఒక్కటే గింజ.
రెండోది ఏమైందో
పుస్తకంలో లేదు, సారు చెప్పలేదు.

అమ్మనడిగాను.
కొత్త మోదుగాకులు ముందేసుకుని
విస్తరి కుడతా ఉంది.
"రెండుంటే బరువు గదమ్మే,
గాలి మొయ్యలేదు" అంది.
పుల్ల విరిచి, విరిచిందే మళ్ళీ విరిచి,
"ఒకదాన్నయితే మోస్తాది."

ఇంట్లో నేనొక్కదాన్నే.
దూలం మీద మాత్రం
రెండు ఉయ్యాలల తాళ్ళు ఒరిసిన గాడులున్నాయి.
వాటి గురించి
ఎప్పుడూ అడగలేదు.