ఎడమ స్టీరింగు

మా బ్యూక్‌కు స్టీరింగు ఎడమదిక్కు.
ముంగట లారీ ఉంటే నాకు లారీయే లోకం.
కుడిదిక్కు కూసున్న ఆండాలు
మెడ బయటపెట్టి
"ఆగు" అంటే ఆగుడు, "పో" అంటే పోవుడు.
ఇరవై ఏండ్ల సంది ఓవర్‌టేకులన్నీ ఆమెవే,
లైసెన్సు నాది.

నిన్న చిట్టీ పైసలు కార్బురేటర్‌కు పోసిన.
ఇయ్యాల జడ్చర్లల ఎక్కినకాడికెల్లి నోరిప్పలే.
పల్లికాయ బస్తాల ట్రాక్టర్ ఎనుక
ఎనిమిది సిలిండర్లు
ఎద్దుబండి నడక నడుస్తున్నయి.
పొట్టు ఎగిరొచ్చి బానెట్ మీద వాలుతున్నది,
మంచం ఏసినా పట్టేటంత బానెట్.
సైకిల్ మీది పోరడొకడు మమ్మల్ని దాటి
ఎనుకకు మల్లి నవ్విండు.

మిడ్జిల్ దాటినంక
మెడ బయటికొచ్చింది.
"పో" అన్నది.

తిట్టిందో, తొవ్వ చూపిందో
అడగలే.
తొక్కిన.