రుస్తవీ సంతలో యాసలు

అంజోర్ కళ్ళలో నీటికాసులు ముదిరి
నాలుగేళ్ళయింది.
గిరాకీ మొదలైందీ అప్పుడే.

ఇరవై లరీల నోటు జేబులో దోపితే చాలు,
ఈ కార్ల సంతలో ఏ బండి దగ్గరికైనా వస్తాడు
నా భుజమ్మీద చెయ్యేసి.
తాళం తిప్పడం నా పని.
టోపీ తీసి, తల వంచి
వినడం ఆయన పని.

"మీటరు చెప్పేది అబద్ధం.
రంగు చెప్పేది అబద్ధం.
అమ్మేవాడి సంగతి సరేసరి.
యాస మాత్రం దాగదురా ముర్మాన్."

అన్నీ పోతీ రేవులో ఓడ దిగినవే.
పల్టీ కొట్టినవి, కాలినవి, మునిగినవి,
ఇక్కడికొచ్చి పౌడరు రాసుకుని
పెళ్ళిచూపులకి కూర్చున్నవి.

అమెరికా పికప్ ముందు నిలబడితే
ఆయనకి నవ్వొస్తుంది.
"ఎనిమిది మందీ వంతులవారీగానే మాట్లాడతారు.
కానీ ఒకే బెంచీవాళ్ళు ఇద్దరు
వెంటవెంటనే అందుకుంటారు,
అందుకే ఆ గుడగుడ.
పెట్రోలు చవకైన చోట పుట్టింది,
దానికి తొందరేముంది?
నోట్లో ముద్ద ఉండగానే కబుర్లు చెబుతుంది."

ఎర్ర ఇటలీ బండి అరిస్తే
చెవి కాస్త వెనక్కి జరుపుతాడు.
"వీళ్ళ తాతల కాలంలో
ఇంజను ఎంత పెద్దదైతే పన్ను అంత.
చిన్న గిన్నె పెట్టుకుని
పదిసార్లు వడ్డించుకోవడం నేర్చారు పాపం.
చిన్న గొంతు, పెద్ద పోట్లాట."

జర్మనీ ఆరు సిలిండర్లకైతే
దాదాపు నిద్రపోతాడు.
"ఒకడి విసురు ఇంకొకడు మింగేస్తున్నాడు, విన్నావా?
హద్దు లేని వేగంతో గంటలకొద్దీ పోయేవాడు
ఇంజను సొద వినలేడు.
అప్పు తీర్చినవాడి గురక ఇది."

ఆ మూల నీలం బండి జపానుదని
నేను చెప్పకముందే చెప్పేశాడు.
పడుకుని ఎదురెదురుగా గుద్దుకునే నలుగురు,
పొగగొట్టం ఒకరికి పొట్టి, ఒకరికి పొడుగు,
ఒకరి మాట ముందొస్తుంది, ఒకరిది
గుమ్మం దగ్గర ఆగి వస్తుంది.
కుంటిగుర్రంలా ఉంది, అన్నాను.
"కుంటిది కాదురా. నాట్యం."

నిన్న కజకిస్తాన్ నుంచి సెయిత్కాలి అనే ఆయన
తెల్లబండి బేరమాడుతుంటే
అంజోర్ ఎప్పటికంటే ఎక్కువసేపు విన్నాడు.
"నీళ్ళు తాగింది" అని
ఒక్క మాట.
అమ్మేవాడు ఆయన తల్లిని తిట్టాడు.
ఇరవై లరీలూ నా చేతిలో పెట్టి
సెయిత్కాలి గేటు వైపు నడిచాడు.

ఝుఝునా బడ్డీ దగ్గర
వేడి రొట్టె తుంచుకుంటూ అడిగాను:
మరి మన యాస ఏది?

చాలాసేపు నమిలాడు.
"కుతాయిసీలో పంతొమ్మిదేళ్ళు లారీలు చేశాం.
ఒళ్ళు మాది, గుండె మాస్కోది.
కొండెక్కేటప్పుడు రెండూ ఒకదాన్నొకటి
తిట్టుకునేవి."

అప్పుడే ఓ టాక్సీ పోయింది రోడ్డు మీద,
గరగరమంటూ, రేకు గీకినట్టు.
"అదిగో" అన్నాడు, "మనది.

ఏ దేశపుదైనా సరే
ఇక్కడికొచ్చిన నెలకల్లా
కడుపు కింద తేనెపట్టు కోసేస్తారు.
ప్లాటినం ధూళి ఉంటుందిగా అందులో.
ఖాళీ డబ్బా అతికించి పంపిస్తారు.
ఇంక అమెరికా లేదు, జపాను లేదు,
అందరిదీ ఒకటే బొంగురు."

దగ్గాడు. దగ్గు ఆగేదాకా
టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.
ఏమీ అనలేదు నేను.

"పద, ఎవరో పిలుస్తున్నారు."

ఆయన చెయ్యి మళ్ళీ నా భుజమ్మీద.
నిన్న రాత్రి పదకొండో వరస వెనక
మా అన్న గుంటలో దీపం పట్టుకున్నప్పుడు
వేసుకున్న చొక్కాయే ఇది.
ఉతకలేదు.