ఏకిన మబ్బు

జిల్లా ఎడిషన్‌లో మూడో పేజీ:
"దూది నుంచి నక్షత్రాల దాకా."
కింద ప్రొఫెసర్ డి. కాశింబి అని నా ఫొటో.
కళ్లద్దాల మీద ట్యూబ్‌లైట్ పడి
కళ్లే లేవు.

దూదంటే నాకు దగ్గు. అది రాయలేదు వాళ్లు.
పాతూరులో ఒకటే గది మాది.
దూలానికి నాయన విల్లు.
నరం మీద కొయ్యగుండు పడితే
ఘయ్‌మని మోగి గదంతా మబ్బు.
నేను బయట మెట్టు మీద లెక్కలు చేసుకునేదాన్ని.

తర్వాత ముప్పైయొక్క ఏళ్లు ఒకటే లెక్క:
సూర్యుడికి ముప్పైరెట్లు బరువున్న నక్షత్రం
ఎట్లా పుడుతుంది?

చిన్నవాటి సంగతి తెలుసు.
మబ్బు తనలోకి తాను కుంగుతుంది,
నడిమధ్య నిదానంగా వేడెక్కుతుంది.
పెద్దదానికి ఆ నిదానం లేదు.
పెరుగుతుండగానే వెలిగిపోతుంది,
ఆ వెలుగుతోనే
నోటిదాకా వచ్చిన ముద్దను తోసేస్తుంది.
మరి అంత ఒళ్లు ఎట్లొచ్చె?

చూద్దామంటే ధూళి కప్పుకుని పుడుతుంది.
శెనక్కాయ చేను ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు,
పువ్వు పైన, ఊడ మట్టిలోకి,
కాయ ఊరేది చీకట్లో.
వాళ్లు పీకి చూస్తారు.
నాది ఏడువేల కాంతి సంవత్సరాల అవతలి చేను.
మిథనాల్ ఆవిరి పంపే ఒక్క రేడియో గీత
ఎంత పక్కకు జరిగిందో చూసి
కాయెంతో చెప్పాలి.

టెలిస్కోపు సమయం అడిగితే నాలుగుసార్లు కాదన్నారు.
ఐదోసారి పదకొండు గంటలిచ్చారు.
అందులో మూడు గంటలు అక్కడ వాన.
అనంతపురంలో కూర్చుని వానను తిట్టిన మనిషిని
నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా మొదటి స్కాలర్ ఎర్రిస్వామి
మూడో ఏడు గ్రూప్ టూ కోచింగ్‌కు పోయినాడు.
ఇప్పుడు కళ్యాణదుర్గంలో డిప్యూటీ తాసిల్దారు.
కూతురి పెండ్లిలో అడిగినాడు,
"మేడం, ఆ నక్షత్రం పుట్టిందా?"
పుట్టి ఏడువేల ఏళ్లయిందిరా,
నాకే ఇంకా కబురు సరిగా అందలేదు.

నాయన ఒకేసారి డిపార్ట్‌మెంటుకొచ్చినాడు.
తెర మీద నా మబ్బును చాలాసేపు చూసి
"సరిగా ఏకలేదే, ఉండలున్నాయి" అన్నాడు.
ఉండలే కావాలి నాయనా,
అవున్నచోటే పుడతాయి, అన్నాను.
ఆయన నవ్వలేదు.
నలభై ఏళ్లు ఉండలు విప్పిన మనిషి.

చివరికి తేలింది ఇది:
మేత నడుం చుట్టూ పళ్లెంలా తిరుగుతూ వచ్చి పడుతుంది,
వెలుగు పైకీ కిందికీ దారి చేసుకుని పోతుంది.
నాకన్నా ముందే కొందరన్నారు.
నేను ఒక్క మబ్బులో చూసినాను.
అంతే.

ఈ నెలాఖరుకు రిటైర్మెంటు.
బీరువా దులుపుతుంటే
అదే దగ్గు.
కిటికీలోంచి నల్లగా పట్టిన ఆకాశం చూసి
అటెండర్ ఓబులమ్మ అడిగింది,
"పడుతుందంటారా మేడం?"
ఏమో ఓబులమ్మా, అన్నాను.
నా మాట పూర్తిగా వినకుండానే
మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి
పరిగెత్తింది.