ఎడమ బుగ్గ

క్యాంటీన్లో పీజీ అక్క ఒకామె
ప్రశ్నల కాగితాలు పంచింది.
పదహారు ప్రశ్నలు. పేరు రాయక్కర్లేదు.
"పుచ్చు ఎవరికి రాబోతుందో
ముందే అంచనా కట్టడం తెలుసా?"
తెలుసు.
"నేర్పారా?"
నేర్పారు. మూడో సంవత్సరం, పది మార్కులకి.
"ప్రతి పేషెంటుకూ చేస్తారా?"
బజ్జీ నూనె అంటిన వేలితో పెన్ను పట్టుకుని
'అప్పుడప్పుడూ' మీద టిక్కు పెట్టాను.
అదీ అబద్ధమే,
కాస్త మర్యాదగా చెప్పింది.

మధ్యాహ్నం మూడో నంబరు కుర్చీలో పెంచలమ్మ.
పులియాంతోపు. చెత్త లారీ, రాత్రి డ్యూటీ.
తెలుగు వచ్చని ఆమెని నా దగ్గరికే పంపుతారు.
ఆర్నెల్ల కింద మూడు పళ్ళు పూడ్చాను,
లాగ్‌బుక్కులో మూడు సంతకాలు,
సార్ నోట 'గుడ్' విన్న మొదటి రోజు.
ఇవాళ అద్దం పెట్టి చూస్తే
నా పూడికల పక్కనే, చిగుళ్ళ అంచున
మళ్ళీ రెండు.
రెండూ ఎడమవైపే.

పాత కేస్‌షీటు తీశాను. నా రాతే.
భోజనాల మధ్య తీపి: లేదు.
నోరు ఎండటం: లేదు.
రిస్కు: తక్కువ.
మూడు పుచ్చులున్న నోటికి 'తక్కువ' అని రాసిన చెయ్యి
గ్లవ్‌ లోపల చెమట పట్టింది.

అడిగానట అప్పుడు. ఆమే గుర్తు చేసింది.
"స్వీట్లు తింటారా అమ్మా అన్యావు.
నాకెవురు పెడతారు పాపా స్వీట్లు, అని నవ్వినా."
ఆ నవ్వుని నేను 'లేదు' అని రాసుకున్నాను.

ఈసారి డ్రిల్లు ఎత్తలేదు.
స్టూలు దగ్గరికి లాక్కున్నాను.
రాత్రి పదికి లారీ ఎక్కితే దిగేదెప్పుడు?
మధ్యలో నీళ్ళు ఎక్కడ తాగుతారు?
"తాగితే మళ్ళా యాడికి పోవాల, ఆడదాన్ని?
తెల్లారేదాకా తాగను."
మరి నోట్లో ఏమీ వేసుకోరా?

కొంగు ముడి విప్పింది.
పచ్చ కాగితాల పిప్పరమెంట్లు, ఏడో ఎనిమిదో.
"చేపల మార్కెట్టు తొట్టి ఎత్తేటప్పుడు
ఇదొకటి బుగ్గన లేకపోతే
పేగులు నోట్లోకొస్తాయి.
ఇది తీపికి కాదులే పాపా. వాసనకి."

వాసనకి.
రాత్రంతా, ఒకటయ్యాక ఒకటి,
నీళ్ళు తగలని నోట్లో, ఎడమ బుగ్గన.
నా కాగితంలో చక్కెరకి గడి ఉంది,
లాలాజలానికి ఉంది, ఫ్లోరైడుకి ఉంది.
చేపల తొట్టిని ఎక్కడ రాయను?
ఆడవాళ్ళకి దొడ్డి లేని తొమ్మిది వీధుల్ని?

మొదటి సంవత్సరం డిసెక్షన్ హాల్లో
ఫార్మలిన్ ఘాటుకి నేనూ పెట్టుకునేదాన్ని
బుగ్గన ఒకటి, దొంగతనంగా.
గంటసేపు. తలుపు దాటితే కుళాయి.
నాలుకతో ఇప్పుడు తడిమి చూసుకున్నాను.
ఆ పన్ను బాగానే ఉంది.

'తక్కువ' కొట్టేసి 'ఎక్కువ' రాశాను.
పూడ్చడం అయ్యేసరికి మూడున్నర దాటింది.
"ఏమ్మా, ఇవ్వళవు లేట్?" అన్నారు సార్, సంతకం పెడుతూ.
అడుగుతూ కూర్చున్నాను సార్, అన్నాను.
ఆయన తలెత్తలేదు.

పెంచలమ్మ లేస్తూ
పిప్పరమెంట్లన్నీ నా ట్రేలో, దూది పక్కన పోసింది.
"నువ్వు చెప్తే మానేస్తా, సరే.
ఈ రాత్రికి మరి బుగ్గన ఏం పెట్టుకునేది?"

కూర్చోండి, అన్నాను.
మెస్సు వంటాయన దగ్గర
లవంగాలు ఉంటాయేమో అడిగొస్తాను.
నాలుగింటికి ఓపీ తలుపులు మూసేస్తారు.
రెండేసి మెట్లు దిగుతున్నాను.