దీర్ఘకాలిక లాభం

ఫిబ్రవరి రెండో శనివారం,
కేంబ్రిడ్జ్ స్ట్రీట్‌లో బేకరీ మీదున్న నా గదికి
మెట్టుకో ఆయాసం చొప్పున ఎక్కి వస్తుంది
దియొలిందా ఫుర్తాదు.
చంకలో తియ్యరొట్టె, చేతిలో రేకు డబ్బా,
డబ్బాలో ఏడాది పొడుగునా చేరిన కాగితాలు.
"హాగోప్, బాయిలర్ పోయింది.
ఈసారి కొంచెం అమ్మాలి."

కెండల్ స్క్వేర్ అద్దాల మేడల్లో
ఇరవయ్యారేళ్లు గాజుసీసాలు కడిగింది.
ఏ సీసాలో ఏం మరిగిందో ఎవరూ చెప్పలేదు.
మూడుసార్లు కుళాయి నీళ్లు,
మూడుసార్లు వడగట్టిన నీళ్లు,
బోర్లించి ఆరబెట్టడం.
బయోటెక్ అంటే ఆమె ఎరిగింది అంతే.

ఏ కంపెనీ గట్టెక్కుతుందో తెలియదు గనక
అన్నింటినీ ఒకే మూటగా కట్టిన ఇండెక్స్ ఫండ్‌లో
నెలకు యాభై డాలర్లు వేస్తూ వచ్చింది.
"అన్ని సీసాలూ కడుగుతున్నానా,
ఒక్కదాన్నే నమ్మడం దేనికి?"

వేసిన మరుసటేడే సగమైంది.
పెద్దమనిషిలా గొంతు సవరించుకుని హెచ్చరించాను.
తర్వాత చాలా ఏళ్లు ఆ గీత
గడపలో పడుకున్న కుక్కలా
తోక మాత్రం ఆడించింది.
ఆపైన లేచి పరుగు.
మూడింతలు. నాలుగింతలు.
ఆ ఏళ్లలో మెట్లు ఎక్కింది ఆమె,
ఆయాసం నాకు.
మళ్లీ జారింది. మహమ్మారి ఏట మళ్లీ ఎగిరి
ఎగిరిన చోటు మర్చిపోయింది.

ఇవాళ ఆమె ఎదుటే పెన్సిల్‌తో లెక్క కట్టాను.
చక్రవడ్డీ తీరున ఏటా నూటికి ఆరున్నర.
"దేశంలోని కంపెనీలన్నీ ఉండే
మామూలు ఫండ్‌లో వేసుంటే
ఇంకాస్త ఎక్కువే వచ్చేది," అన్నాను,
"కంటినిండా నిద్ర కూడా పట్టేది."
"రాత్రి షిఫ్టు చేసి చూడు," అంది,
"రాయి మీదైనా పడుతుంది."

ఇంకో సంగతి నేను చెప్పలేదు.
ఏటా ఒకసారి ఆ మూట విప్పి దులుపుతారు.
చిక్కిపోయినవాటిని బయట పెడతారు,
ఒళ్లు చేసినవాటిని లోపలికి పిలుస్తారు.
గీతలో మాత్రం ఎక్కడా తెంపు కనపడదు.

అమదెవు పేరు ఆమే ఎత్తింది.
క్లోమంలో క్యాన్సర్.
వేరే మందు లేదని ప్రయోగంలో చేర్చుకున్నారు.
గురువారం గురువారం సూది, పదకొండు నెలలు.
అతన్ని పూడ్చిన మూడు వారాలకు
ఆ మందు పనిచేయలేదని కంపెనీ ప్రకటించింది.
షేరు ఒక్క పూటలో నూటికి డెబ్బై పడింది.
ఆ కంపెనీ ఆమె మూటలోదే.

"ఆ రోజు నాకెంత పోయింది?"
ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట.
డబ్బా అడుగున ఆ ఏటి కాగితం దొరికింది.
మూటలో ఆ కంపెనీ బరువు నూటికి అర కూడా లేదు.
గుణించాను. ఇంకోసారి గుణించాను.
"పది డాలర్ల తొంభై రెండు సెంట్లు."
"రెండు రొట్టెలు," అంది.
ఆ రోజే ఇంకెవరి మందో గెలిచింది కాబోలు,
సాయంత్రానికి ఫండ్ మొత్తం మీద
పదకొండు సెంట్లు పెరిగింది.
అది నేను పైకి చదవలేదు.

పన్ను ఫారంలో కాలానికి రెండే గడులు.
స్వల్పకాలం, దీర్ఘకాలం.
ఏడాది మీద ఒక్కరోజు దాటితే చట్టానికది దీర్ఘం.
ఇరవై మూడేళ్లయినా అదే గడి.
పదకొండు నెలలైతే...
పెన్సిల్ ఆగింది.
తలకిందులు రాతలు చదవడం ఆమెకు అలవాటే,
బోర్లించిన సీసాల మీది చీటీలు చదివిన కళ్లు.
"అది పై గడి," అంది.

బాయిలర్‌కి ఎంత అమ్మాలో రాసిచ్చాను.
రొట్టె కోసి పెద్ద సగం నా బల్ల మీద పెట్టింది.
నెలనెలా పోయే ఆ యాభై
ఆపేస్తానని ఆమె అనలేదు,
ఆపమని నేనూ అనలేదు.
కింద బేకరీ వాళ్లు ట్రేలు కడుగుతున్నారు.
మెట్ల మధ్యలో ఆగి
ఆ చప్పుడు కాసేపు విన్నది.
"సరిగ్గా తొలవడం లేదు," అంది,
దిగిపోయింది.